అటకెక్కిన పేర్లు

నేను మెట్లు దిగేసరికే ఇన్‌స్పెక్టర్ గారు కేసు మూసేశారు. పెన్నుకి మూత పెట్టుకోవడం ఒక్కటే మిగిలింది.

“ఆత్మహత్య, మేడమ్ గారూ. మీకు శ్రమ తప్పించాను,” అన్నాడు.

“సంతోషం. మెట్లు ఎలాగూ దిగాను కదా, ఒకసారి చూసి పోతాను,” అన్నాను.

ఆయన పక్కకి తప్పుకున్నాడు కానీ మొహంలో చిరునవ్వు తప్పుకోలేదు. మా ఇద్దరికీ ఇది కొత్త కాదు. ఆయనకి ఫైలు తెరిచి ఉంటే ఒంట్లో నలతగా ఉంటుంది. నాకు మూసి ఉంటే నిద్ర పట్టదు.

గీజర్లు తయారుచేసే కంపెనీ ఆఫీసు అది. కింద నేలమాళిగలో ఇనప తలుపున్న గది. శనివారం సాయంత్రం అటక మాస్టారు చనిపోయింది ఇందులోనే.

గది నేల కిందున్నా దాన్ని అటక అనే అంటారు. కంపెనీకి లక్షలమంది ఖాతాదారులు. అందరి వివరాలూ పైన పెద్ద కంప్యూటర్లోనే ఉంచితే కౌంటర్లో అమ్మాయి ఒక పేరు కొట్టి టీ తాగి వచ్చినా స్క్రీను తెరుచుకోదు. అందుకని ఐదేళ్ళపాటు ఏ లావాదేవీ లేనివాళ్ళని, అంటే రిపేరు అడగని, విడిభాగం కొనని, ఫోన్ చేసి తిట్టనివాళ్ళని అక్కణ్ణించి తీసి టేపుల మీదికి ఎక్కిస్తారు. టేపులు ఈ గది అరల్లోకి వస్తాయి. పైన స్క్రీన్లో వాళ్ళు ఇక కనపడరు. మొదట్నించీ ఈ పని చేస్తున్నది ఒక్క మనిషే కాబట్టి ఆయనకా పేరు. అటకెక్కించిన సామాను సంగతి మీకు తెలిసిందే, ఉందని అందరికీ తెలుసు, దించేవాడే ఉండడు.

నన్ను పిలిచింది ఆయన కూతురు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. నిన్న నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, ఎదురుగా కూర్చుని, చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ ఒకటే అడిగింది.

“అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు నాన్న. తనంతట తనే పోయాడంటున్నారు. నేనుండగా ఎలా పోతాడు మేడమ్? నేనొక్కదాన్నీ ఆయనకి సరిపోలేదా?”

ఆ ఆఖరి మాట నా గొంతులో ముల్లులా పడింది, ఇంకా దిగలేదు. హంతకుణ్ణి పట్టుకోమని ఆ పిల్ల అడగలేదు. నాన్న నన్ను వద్దనుకుని వెళ్ళాడా, లేదా అనే అడిగింది.

“మీ లెక్క చెప్పండి,” అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో.

“భార్య పోయినప్పట్నించీ మనిషి మనిషిలా లేడు. ఈ నెలరోజులూ మరీను. ఇంట్లో బాత్రూము గీజరుకి గ్యాసు గొట్టం ఊడదీసి పారేశాడట. కూతురు స్నానానికి స్టవ్ మీద నీళ్ళు కాచి తనే మోసేవాడట. ఎందుకు నాన్నా అంటే జవాబు లేదట. శనివారం మధ్యాహ్నం సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. సాయంత్రం ఇక్కడికొచ్చి ఆ పిడి లాగాడు. ఇంతకంటే ఏం కావాలి?”

తలుపు పక్కన లోపలి గోడకి ఎర్ర పిడి ఉంది. మంట లేస్తే లాగాల్సింది అది. లాగితే గంట మోగుతుంది. అర నిమిషం తర్వాత మూల సిలిండర్లలోంచి గాలిని తరిమేసే గ్యాసు గదంతా నిండుతుంది. మంట ఆరిపోతుంది, లోపల మనిషుంటే మనిషీ ఆరిపోతాడు. టేపులకి మాత్రం ఈగ వాలదు.

“ఇలాంటి పిడి బయట వరండాలో కూడా ఉంది కదా,” అన్నాను.

“ఉంది. అద్దం పగలగొడితే గానీ చెయ్యి పట్టదు. అద్దం పగల్లేదు. లోపలిదానికి అద్దమే లేదు. రెండూ రెండూ నాలుగు.”

నేను వరండాలోకి వెళ్ళాను. పిడి మీది అద్దంలో నా మొహం కనిపించింది, ముక్కు మీద మచ్చతో సహా. పక్కనే నీళ్ళగొట్టం ఉన్న డబ్బా అద్దం మీద వేలితో గీస్తే గీత పడింది. దుమ్ము అంత మందంగా ఉంది. పిడి అద్దం అంచున పుట్టీ నొక్కితే ఇంకా మెత్తగానే లోపలికి పోయింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ వరండాలో దుమ్ముకి కూడా పక్షపాతముందా? ఒక అద్దం మీద అంత, ఒకదాని మీద అసలు లేదు.”

ఆయన వచ్చి చూశాడు. పుట్టీని తనూ నొక్కాడు. “తుడిచి ఉంటారు,” అన్నాడు, ఇందాకటి ఊపు లేకుండా.

లోపలికొచ్చి గంటకి సంబంధించిన పెట్టె ముందు నిలబడ్డాను. దాని చిన్న తెర మీద ఒక వరస: పిడి లాగబడినది, నాలుగూ పది. ఇన్‌స్పెక్టర్ గారు ఆ వరస చదివి సంతృప్తి పడ్డారు. నేను కింది బాణం నొక్కాను.

రెండో వరస: నిలుపుదల బటను నొక్కబడినది, నాలుగూ పది. మూడోది: బటను వదలబడినది, నాలుగూ ముప్పై ఒకటి. ఆ తర్వాతే గ్యాసు.

నిలుపుదల బటను అంటే టేపు యంత్రం పక్కనున్న పచ్చ బటను. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపూ గ్యాసు రాదు, గదిలో కరెంటు పోదు. వదిలితే మాత్రం అర నిమిషమే.

“చావాలనుకున్నవాడు ఇరవై నిమిషాలు చావుని ఆపి పట్టుకున్నాడు. ఎందుకంటారు?”

“మనసు మార్చుకుని ఉంటాడు. తర్వాత మళ్ళీ మార్చుకుని ఉంటాడు.”

“పెళ్ళికి వెళ్ళేటప్పుడు చీర కూడా ఎవరూ అన్నిసార్లు మార్చరండీ.”

ఆయన మొహం మాడ్చుకున్నాడు. “నాకు కాకమ్మ కథలు కాదు, సాక్ష్యం కావాలి. పచ్చ బటను నొక్కినవాడు తలుపు తీసుకుని ఎందుకు పోలేదు? తలుపు అక్కడే ఉంది కదా.”

ఆ ప్రశ్న మంచిదే. నేను తలుపు దగ్గరికెళ్ళాను. ఈ గదిలోకి రావడానికే కాదు, బయటికి పోవడానికి కూడా కార్డు పెట్టాలి. టేపు చంకలో పెట్టుకుని ఎవరూ చెప్పాపెట్టకుండా పోకూడదని ఆ ఏర్పాటు. పైన సెక్యూరిటీ వాళ్ళ దగ్గర కార్డుల లెక్క నేను పొద్దున్నే తీయించాను. అది నా సంచీలోనే ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాను.

“చదవండి. నాలుగూ ముప్పై ఒకటికి ఈ తలుపు, లోపలి వైపు.”

ఆయన చదివాడు. కార్డు చెల్లదు. కార్డు చెల్లదు. కార్డు చెల్లదు. కాస్త ఎడంతో ఇంకోసారి, కార్డు చెల్లదు.

“మాస్టారు లోపలికొచ్చాక, నాలుగు గంటలకి ముందే, ఆయన కార్డుని పై నుంచి రద్దు చేశారు. ఆయనకి తెలీదు. బటను వదిలి తలుపు దగ్గరికి పరిగెత్తి వచ్చాడు, బయటపడిపోతాననే అనుకున్నాడు. మొదటి మూడుసార్లూ వెంటవెంటనే పెట్టాడు. నాలుగోసారికి చెయ్యి లేవడానికి ఎంతసేపు పట్టిందో అందులోనే ఉంది.”

ఇన్‌స్పెక్టర్ గారు కాగితం నుంచి తల ఎత్తలేదు. దాన్ని చూస్తూనే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“రద్దు చేసిందెవరు?” అన్నాడు.

అది చెప్పడమే నాకు కష్టమైంది. ఆ పేరు పొద్దున్నే చూశాను. కార్డు రద్దు చేసింది ఆపరేషన్స్ మేనేజరు. మాస్టారికి స్వయానా బావమరిది, ఆ పిల్లకి మేనమామ. అమ్మా నాన్నా పోయాక ఆమెకి మిగిలిన ఒక్క దిక్కు. ఆమెకి తండ్రిని తిరిగి ఇవ్వాలంటే మేనమామని లాక్కోవాలి. ఇలాంటి బేరం ఏ దేవుడూ పెట్టకూడదు.

పై అంతస్తులో మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి ఆ పిల్ల కూడా అక్కడే ఉంది. తండ్రి సామాను తీసుకెళ్ళడానికొచ్చిందట. ఆయన దగ్గరుండి సర్దిస్తున్నాడు. ఒక స్వెట్టరు మడతపెట్టి ఆమె చేతికిచ్చి, మళ్ళీ తీసుకుని, ఇంకా బాగా మడతపెట్టాడు. మూడ్రోజులుగా నిద్రలేని కళ్ళు. నటన అయితే నాకు సులువుగా ఉండేది. అది నటన కాదు.

“నువ్వు కాసేపు బయట కూర్చో అమ్మా,” అన్నాను.

“నాన్న సంగతైతే నేనిక్కడే ఉంటాను,” అంది.

నేను కుర్చీ లాక్కున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి నాకు అడ్డం రాలేదు.

“మీ బావగారి కార్డు ఎందుకు రద్దు చేశారు?”

“సస్పెండ్ చేశాం కదా మేడమ్. పద్ధతి అది.”

“ఎందుకు సస్పెండ్ చేశారు?”

“పాత టేపులు దించి, అందులోవి మళ్ళీ పై కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. ఒకసారి తీసేసినవాళ్ళని వెనక్కి తేవడానికి లేదు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.”

“ఎందుకు ఎక్కిస్తున్నాడు?”

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“నేను చెప్తాను,” అన్నాను. “మీ పాత మోడల్ గ్యాసు గీజర్లో పొగ బయటికి పోయే గొట్టం దగ్గర సీలు వదులైపోతోందని ఈమధ్య మీకు తెలిసింది. ఆ పొగకి వాసనుండదు. తలుపేసుకుని స్నానం చేస్తున్న మనిషి పడిపోతే అందరూ గుండె ఆగిందనుకుంటారు. వెంటనే వాడకం ఆపమని కొన్నవాళ్ళందరికీ నోటీసులు పంపారు, పొద్దున్నే ఒకటి చదివాను. అందరికీ అంటే పైన స్క్రీన్లో ఉన్నవాళ్ళకి. అటకెక్కినవాళ్ళకి పోలేదు. వాళ్ళనీ దించి పంపుదామన్నాడు మీ బావ. మీరు వద్దన్నారు.”

“నేననలేదు. పైవాళ్ళన్నారు. ఐదేళ్ళుగా మనతో సంబంధం లేనివాళ్ళు మన ఖాతాదారులే కారు, మనమే వెళ్ళి మా గీజరు చంపుతుందని చెప్పుకోవడం దేనికని. నేను సంతకం పెట్టాను.”

“అడగందే అమ్మైనా పెట్టదంటారు. నోరెత్తని పాపానికి వాళ్ళ ప్రాణాలు కూడా లెక్కలో లేకుండా పోయాయన్నమాట.”

ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు.

“వరండాలో అద్దం ఎప్పుడు మార్చారు?”

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం నేను చాలాసార్లు చూశాను. ఈయన తడుముకోలేదు. మేనకోడలి వైపు చూశాడు, అంతే. ఆమె ఆ చూపుని అర్థం చేసుకుంది. ఒళ్ళో ఉన్న స్వెట్టరుని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

“భయపెడదామనుకున్నాను,” అన్నాడు. “గంట మోగితే బయటికి పరిగెత్తుకొస్తాడు, లోపలికెళ్ళి ఆ టేపు తీసేసుకుందామనుకున్నాను. పిడి లాగి మెట్ల దగ్గర నిలబడ్డాను. రాలేదు. గంట మోగుతూనే ఉంది. పై నుంచి జనం పరిగెత్తుకొస్తున్నారు. ఉత్తుత్తి గంట, నేను చూశాను, ఇళ్ళకి వెళ్ళిపొండని నేనే పంపేశాను. బావ కూడా అవతలి మెట్లెక్కి పోయుంటాడనుకున్నాను.”

“కార్డు?”

“తట్టలేదు మేడమ్. లోపల్నించి కూడా కార్డు కావాలని తట్టలేదు. కిందికి వెళ్ళి తలుపు తీస్తే నా కాళ్ళ మీద పడ్డాడు. తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను...” ఆయన ఆగిపోయాడు. “తర్వాత అద్దం వేశాను. టేపు తీశాను. బావ తనే చేసుకున్నాడని అందరికీ చెప్పాను.”

“నాకూ చెప్పావు,” అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. “నన్ను పట్టుకుని ఏడుస్తూ చెప్పావు మామయ్యా. నేనేం తక్కువ చేశానో అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను.”

నేను ఆమె వైపు తిరిగాను. “మీ నాన్న నిన్ను వదిలి వెళ్ళలేదమ్మా. ఇంటికి రావడానికి ఊపిరున్నంతసేపూ ఆ తలుపుతో పోరాడాడు. ఇది నా మాట కాదు, రికార్డులో ఉంది.”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. నేను ఆపలేదు. నా కళ్ళూ ఆగలేదు, దాచుకోవడం దేనికి.

మేనేజరు సొరుగులోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ గారు జేబులోంచి సీలు కవరు తీశారు.

“దాని కోసం తొందరేం లేదు,” అన్నాను. “అందులో ఉన్నదంతా శనివారమే పైకి వచ్చేసింది. గ్యాసు వదిలితే కరెంటు పోతుంది, దించుతున్న పని సగంలో పాడవుతుంది. అందుకే మాస్టారు ఆ బటను వదల్లేదు. ఒక చేత్తో అది నొక్కిపట్టుకుని, అంతా పైకి చేరాకే వదిలాడు. మేనేజరు గారూ, మీ స్క్రీన్ మీద తెరవండి.”

“ఆగండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. పాత గొంతు మళ్ళీ వచ్చింది. “ముద్దాయి చేత సాక్ష్యాన్ని ముట్టిస్తారా? కంప్యూటరు సీలు చెయ్యాలి. నిపుణులు రావాలి, పంచనామా జరగాలి.”

“ఎప్పటికి తెరుస్తారు?”

“పద్ధతి ప్రకారం ఎప్పుడైతే అప్పుడు.”

“అప్పటిదాకా ఆ ఇళ్ళల్లో జనాన్ని స్నానాలు మానెయ్యమంటారా? మీరు కూడా అటకెక్కిస్తారా వాళ్ళని?”

ఆయన నన్ను చూశాడు, ఏడుస్తున్న పిల్లని చూశాడు. సీలు కవరుని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నేను పక్కనే నిలబడతాను. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను,” అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

మేనేజరు తెరిచాడు. పొడవాటి వరసలు వస్తాయనుకున్నాను. రాలేదు. మాస్టారు అంతా పైకి రాగానే ముందు ఒక్క పేరే వెతికి, ఆ వెతుకులాటని పై కంప్యూటర్లో అలాగే ఉంచి బటను వదిలాడు. తెర మీద ఒక్క పేరు, దాని కింద ఇంటి నంబరు, గీజరు మోడలు, కొన్న తేదీ. ఆ తర్వాత కాలమ్‌లన్నీ ఖాళీ.

మేనేజరు తెరకి దగ్గరగా వంగాడు. “ఇది మా అక్క పేరు,” అన్నాడు.

“అవును.”

“మా అక్క ఇక్కడెందుకుంది?”

“ఐదేళ్ళు ఏ లావాదేవీ లేదు కాబట్టి. వేలమందితో కలిపి మీ బావే ఎక్కించాడు, చూసుకోకుండా. నోటీసు సంగతి బయటపడ్డాక పైన తన భార్య పేరు వెతికితే దొరకలేదు. ఆమె బాత్రూములో ఎలా పోయిందో ఆయనకి ఆ రోజు అర్థమైంది. గీజరు గొట్టం ఆ రోజే ఊడదీశాడు. మీతో ఏమన్నాడు?”

“నీకొకటి చూపించాలి, ఒక్కడివే రా అన్నాడు.” ఆయన తెర మీది పేరునే చూస్తున్నాడు. “బెదిరిస్తున్నాడనుకున్నాను.”

“ఇంకొకరి నోట వినకూడదని, తనే చెప్దామనుకున్నాడు.”

“కాదు మేడమ్, ఇది తప్పు. లావాదేవీ లేకపోవడమేంటి? ఆ గీజరు ఎన్నిసార్లు పాడైందో. వాల్వు మార్చాను, బర్నరు మార్చాను. ఆదివారాలు నేనే వెళ్ళి...”

మాట అక్కడ ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఇంకా వాల్వు తిప్పుతున్నట్టు గాలిలో ఉంది.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని లేచి వచ్చింది. తెర వైపు చూడలేదు. ఆయన వైపే చూసింది.

“అమ్మ కంపెనీకి ఫోన్ చేస్తానంటే నువ్వే కోప్పడేవాడివి మామయ్యా. తమ్ముణ్ణి కంపెనీలో పెట్టుకుని కంప్లైంటు రాయిస్తావా, నలుగురిలో నా పరువేం కావాలి అనేవాడివి. అమ్మ మురిసిపోయేది. మా తమ్ముడుండగా నాకేం లోటని వీధిలో అందరికీ చెప్పుకునేది.”

ఆయన కుర్చీలో కూర్చోబోయి కింద నేల మీద కూర్చుండిపోయాడు. అన్ని ఆదివారాలు చేసిన రిపేర్లలో ఒక్కటి కౌంటర్లో రాయించి ఉంటే ఆ పేరు పైనే ఉండేది. ఆమె పోయాక వచ్చిన నోటీసు మొదట ఆ ఇంటికే చేరి, పోయిందెందుకో ఆనాడే చెప్పేది. బావ ఆ గదిలోకి దిగే పనే ఉండేది కాదు. అక్కని ప్రేమగా చూసుకుని లెక్కలోంచి చెరిపేశాడు. బావని ఆ లెక్క కోసమే చంపాడు. ఇంత పని చేసినవాడి మీద నాకు కోపం రావాలి. రాలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు ఆయన్ని లేపడానికి వంగాడు. సంకెళ్ళు బయటికి తీయలేదు.

“మిగతా పేర్లు ఎలా తెరవాలి?” అని ఆ పిల్ల అడిగింది.

మేనేజరే లేచి బల్ల పట్టుకుని, ఒక మీట నొక్కాడు. అక్క పేరు పైకి జరిగి, దాని కింద వరసలు దిగడం మొదలుపెట్టాయి. ఇళ్ళు, ఫోన్ నంబర్లు, పాత మోడల్ గీజర్లు. తెర నిండింది, ఇంకో తెర నిండింది, దిగుతూనే ఉన్నాయి.

ఆ పిల్ల టేబుల్ మీది ఫోను తన ముందుకి లాక్కుంది.

“చదువు మామయ్యా,” అంది.

ఆయన చదివాడు. ఆమె నొక్కింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మొదటి ఇంట్లో ఎవరో ముసలాయన ఎత్తాడు. మీ బాత్రూములో గీజరు వాడకండి, ఇప్పుడే గ్యాసు కట్టేయండి అని నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. రెండో ఇంట్లో ఎవరో ఆడమనిషి, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అని తిట్టింది. అవునండీ, తప్పయింది అంది.

ఇన్‌స్పెక్టర్ గారు రెండో ఫోను అందుకున్నారు. నేను నా ఫోను తీశాను.

మూడో నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఆమె మళ్ళీ కొట్టింది. ఈసారి ఎత్తారు. ఒక పసివాడి గొంతు, గదిలో అందరికీ వినపడింది. అమ్మ స్నానానికి వెళ్ళిందట, ఎంత పిలిచినా పలకట్లేదట.

మేనేజరు అప్పటికే ఆ ఇంటి అడ్రసు పైకి చదువుతున్నాడు.